చేతులు ఆడించకూడని ఏడాది

నా చిన్నప్పుడు, ఓ ఏడాది పాటు, చోడవరంలోని మా ఇంట్లో చేతులు ఆడించడం నేరం. ఆ నేరానికి శిక్ష వేసే పని నాది. నాకప్పుడు పదేళ్లు, మా చెల్లికి ఐదు. దానికి పుట్టుకతోనే వినపడదు.

అంతకుముందు మేమిద్దరం మా సొంత సైగలతో బోలెడు కబుర్లు చెప్పుకునేవాళ్లం. ముక్కు కింద వేలు అడ్డంగా పెడితే మీసాల మాస్టారు, బుగ్గలు పొంగిస్తే మాడుగుల హల్వా. తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఒక డాక్టరు, మద్రాసులో చెవి వెనక ఆపరేషన్ చేసి లోపల మిషను పెడుతున్నారనీ, పుట్టుచెవుడు పిల్లలు కూడా వింటున్నారనీ చెప్పాడు. ఈలోగా సైగలు మాన్పించమన్నాడు. అమ్మ అది వేదవాక్కులా పట్టుకుంది. చెల్లి నోట "అమ్మా" అన్న పిలుపు ఒక్కసారి వినాలని ఆమె ప్రాణం కొట్టుకునేది.

"సేతులాడితే దానికి నోరు రాదంట. నువ్వు సూస్తూ ఊరుకోకు" అని నా చేతికి స్కేలు ఇచ్చింది.

చెల్లి దాహమని బొటనవేలు నోటి దగ్గర పెడితే వేళ్ల మీద కొట్టాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నోటితో అడిగితేనే నీళ్లు. అది గొంతు చించుకుని ఏదో అరిచేది, అమ్మ ఏడుస్తూ గ్లాసు అందించేది. కొన్నాళ్లకి చెల్లి అడగడమే మానేసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని అరుగు మీద కూర్చునేది.

మా తాతయ్యకి ఇది మింగుడుపడలేదు. పంచదార మిల్లులో చెరకు పిండే రోలర్ల హోరులో ముప్పై ఏళ్లు పనిచేసి ఆయనకీ సగం చెవుడే. పనికి పిలిస్తే వినపడదు గానీ పకోడీ అంటే వినపడుతుందని నానమ్మ ఎత్తిపొడిచేది.

"మిషనెట్టించండి, నాను కాదన్ను. అంతవరకూ ఈ పసిగుంట దేంతో మాటాడాల?" అని నాన్నతో దెబ్బలాడేవాడు.

"డాకటరు కన్నా నీకెక్కువ తెలుసేటి?" అని నాన్న విసుక్కునేవాడు.

చివరికి చెల్లిని మద్రాసు తీసుకెళ్లారు. స్కానింగ్ తీసి, చెవిలోపలి నరమే సరిగ్గా ఏర్పడలేదని, మిషను పెట్టినా లాభం లేదని చెప్పేశారు. తిరిగొచ్చాక అమ్మ మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. నేను స్కేలు అటక మీదికి విసిరేసి, చెల్లి ముందు కూర్చుని మా పాత సైగలన్నీ చేశాను. చూసింది గానీ తొడల కింద నుంచి చేతులు తియ్యలేదు. ఇక ఎప్పటికీ ఎవరితోనూ మాట్లాడదేమోనని నాకు భయమేసింది.

నాలుగో రోజు తాతయ్య అమ్మని లేపి, మా ముగ్గుర్నీ తన పాత మిల్లుకి తీసుకెళ్లాడు. చెరకు ఆడే క్రషింగ్ రోజులవి. రోలర్ల హోరుకి కాళ్ల కింద నేల అదురుతోంది, చెవిలో అరిచినా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. పిడికిలి తిప్పితే జోరు తగ్గించమని, మణికట్టు మీద తడితే డ్యూటీ అయిపోయిందని. తాతయ్యని చూసి ఒకాయన దూరం నుంచే పొట్ట పెరిగిందని వెక్కిరించాడు. తాతయ్య అంతకంటే పెద్ద పొట్ట గాల్లో గీసి అది ఆయనదేనని చూపించాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ చెల్లి కళ్లు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి పరిగెడుతున్నాయి. ఇంతమంది పెద్దవాళ్లు చేతులు ఆడిస్తుంటే ఎవరూ కొట్టడం లేదు.

ఆ వెక్కిరించినాయనే వచ్చి చెల్లి ముందు వంగి, చెరకురసం తాగుతావా అని చేత్తోనే అడిగాడు. అది ముందు నా మొహంలోకి చూసింది. తర్వాత కుడిచెయ్యి మెల్లగా లేచి, బొటనవేలు నోటి దాకా వెళ్లింది. అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు మాలో ఎవరికీ వినపడలేదు.

పసితనంలోనే ఆ ఆపరేషన్ చేయించుకుని చక్కగా మాట్లాడే పిల్లలు ఇప్పుడు మా చుట్టాల్లోనే ఉన్నారు. అది తప్పని నేననను. తనలాంటి పిల్లల్ని బాగుచెయ్యాల్సిన వస్తువుల్లా చూస్తారని చెల్లికి మాత్రం కోపం. అదీ కాదనలేను. సలహా అడిగినవాళ్లకి తాతయ్య మాటే చెబుతాను, అంతవరకూ బిడ్డ దేంతో మాట్లాడాలో చూడండని.

చెల్లి ఇప్పుడు వినపడని పిల్లల బడిలో టీచరు. వాళ్లతో దాని చేతులు క్షణం ఊరుకోవు. నాతో మాట్లాడబోయే ముందు మాత్రం, ఈ వయసులో కూడా, ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూస్తుంది. అలా ఆగడం దానికి నేర్పింది నేనే.