లాంపు పరువు

ఆయన మంచివాడని మాత్రం నాతో అనకండి. నిన్నటి నుంచి ఆ మాట విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, నిజమే. నిన్న సమాధుల తోటలో పెట్టె చుట్టూ నిలబడ్డవాళ్లు తలా ఒక చెయ్యి వేసి ఆ కళ్లను ఇంకా ఇంకా సాగదీశారు. నేను వాటిని ఏళ్ల తరబడి దగ్గర నుంచి చూసినవాణ్ణి. చింతగింజలంత ఉండేవి. ఆ రెండు గింజలు మన మీద పడితే, ఏ తప్పూ చెయ్యనివాడికి కూడా జేబులు తడుముకోవాలనిపించేది.

మా లాంపుల కాక పోయాడు. మొన్న మొదటి షిఫ్టువాళ్లు బొగ్గుబాయిలోంచి ఎక్కి వచ్చి లాంపులు నాకు తిరిగి ఇస్తుండగా కబురు వచ్చింది. చెప్పినవాడు "కాక పోయిండు" అని కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. "కిటికీ ఇడువు, వెనుక లైను ఆగుతున్నది," అన్నాను. ఆ మాట నాది కాదు, ఆయనది. ఆయన పోయిన రోజున కూడా నా నోట్లోంచి ఆయనే మాట్లాడాడు చూశారా, అదీ ఆయన పద్ధతి.

పాస్టరుగారు ప్రార్థనలో ఆయన్ని శాంతమూర్తి అన్నాడు. నా వెనక నిలబడ్డవాడికి దగ్గు వచ్చింది. అది బొగ్గు దగ్గు కాదు.

ఎరగనివాళ్ల కోసం చెబుతాను. బాయిలో దిగేవాడు ముందుగా లాంపు రూంకు రావాలి. కిటికీలో తన నంబరు బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే లాంపూ నడుముకు కట్టుకునే బ్యాటరీ తీసుకోవాలి. పైకి వచ్చాక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. ఆ కిటికీ వెనక రాజ్యం ఆయనది. మోకాలు దెబ్బతిని బాయిపని మానుకున్నాక ఆయనకు మిగిలిన రాజ్యం అదొక్కటే. దానికి తగ్గట్టే ఏలాడు. లాంపు అద్దం మీద గీత పడితే, "ఇది లాంపురా, మీ అత్తగారు పెట్టిన చెంబు కాదు," అని లైనందరి ముందూ కడిగేసేవాడు. షిఫ్టు మొత్తం బొగ్గు నింపి వచ్చినవాణ్ణి ఎవడైనా నిలబెట్టి, అద్దం ఎట్లా తుడవాలో నేర్పుతాడా? ఈయన నేర్పేవాడు.

నేను అప్పుడు ఫిల్లర్ని. తట్టా, చెమ్మాసు అనే పారా పట్టి, పట్టాల మీది టబ్బుల్లోకి బొగ్గు ఎత్తేవాణ్ణి. మా ఇద్దరికీ పడదు. ఎందుకు పడదంటే ప్రత్యేకంగా కారణమేమీ లేదు. కొందరితో పడకపోవడానికి కారణం వెతకనక్కర లేదు. అయితే ఒక రోజు కారణం కూడా దొరికింది.

షిఫ్టు సగంలో, బాగా లోపల, లాంపుల చుట్టూ రంగులు కనిపించడం మొదలైంది. వాన ముందు చంద్రుడికి గుడి కట్టినట్టు, వెలుగు చుట్టూ ఎర్రగా పచ్చగా ఒక గుండ్రం. దాంతో పాటు కనుబొమ్మ మీద ఎవరో మేకు దిగ్గొడుతున్నంత నొప్పి. ఎక్కి వచ్చి ఎండలో కాసేపు కూర్చుంటే రెండూ పోయేవి. పైన లేనిది, కింద ఉన్నది. పైన లేనిదీ కింద ఉన్నదీ ఏమిటి? లాంపు. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర లేకపోయింది.

"కాక, నీ లాంపు ఖరాబైంది," అన్నాను కిటికీలోకి.

"ఏమైంది?"

"గుడి కడుతున్నది."

"నా లాంపుకా?"

"నీ లాంపుకే."

నా వెనక లైనులోవాళ్లు మెడలు చాచారు. ఆయన తల్లినేదో అన్నట్టు చూశాడు. లాంపు వెలిగించి నా ముఖం మీద పెట్టాడు.

"ఏదిరా గుడి? సూపియ్యి. లాంపుకు గుడి కడితె రేపు నేను పాస్టరుకు ఏం జవాబు చెప్పుకోవాలె?"

"ఈడ కట్టది. కిందికి పోయినంక కడుతది."

"అంటే నా ముందట బుద్ధిగ ఉండి, నీ ముందట ఏషాలేస్తున్నదా?"

"నువ్వంటే భయం కావచ్చు. మాకందరికి లేదా?"

లైనులో నవ్వారు. అక్కడ చెడింది. మరునాడు ఇంకో లాంపు ఇచ్చాడు. దానికీ గుడి కట్టింది. ఆ మరునాడు తన చేత్తో తుడిచి, పెద్ద సార్లు దిగితే ఇచ్చే లాంపు ఇచ్చాడు. దానికి ఇంకా పెద్ద గుడి కట్టింది. నేను ఆ సంగతి కొంచెం సంతోషంగానే చెప్పాను.

ఇంట్లో మా ఆవిడ మాత్రం లాంపును అనుమానించలేదు. "పొర వస్తున్నదేమో. పొర పండాలె. పండినంక కోస్తరు. అప్పటిదాక ఆగాలె," అంది. మా వాడకట్టంతా అదే మాట. బెల్లంపల్లిలో మా మామకు పొర పండాక కోశారు. కట్టు విప్పాక కరెంటు తీగ మీద పిచ్చుకల్ని లెక్కపెట్టాడట. కాబట్టి నేనూ మామిడికాయను గడ్డిలో వేసినట్టు నా కన్ను పండేదాకా కాచుకుందామనుకున్నాను. ఈలోగా చలవ చేస్తుందని మా ఆవిడ రోజూ కళ్ల మీద నందివర్ధనం పూలు పెట్టేది. పూలు పెట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకుంటే, వచ్చినవాళ్లు నేను పోయాననుకుని గుమ్మంలోనే చెప్పులు విడిచేవాళ్లు.

ఎడమ భుజం టబ్బులకు తగలడం మొదలైంది. పక్కన ఉన్న టబ్బు కనిపించదు, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పొలం పని చేసేవాడికి ఇట్లా అయితే నలుగురూ ఆగి చూసేవాళ్లు. బాయిలో ఎవరు చూస్తారు? అక్కడ అందరి భుజాలూ తగులుతాయి, అందరికీ తల నొస్తుంది, దుమ్ములో అందరి లాంపూ మసకే. మాతో పనిచేసే బావ ఒకడు, "పొద్దుగాలనే ఏసినవా ఏంది?" అని మాత్రం అడిగాడు. లేదంటే నమ్మలేదు.

అప్పుడు కాక బాయిలో దిగాడు. మోకాలు పోయాక ఎన్నడూ దిగనివాడు, మూడు లాంపులు మెడలో వేసుకుని, ఏటవాలు దారిలో ప్రతి అడుగుకూ ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ దిగాడు. మేం బొగ్గు ఎత్తే చోటికి వచ్చి, చెమ్మాసు నా చేతిలోంచి లాక్కుని అవతల పడేశాడు.

"నా దిక్కు సూడు. ఈ లాంపుకు?"

"గుడి."

"దీనికి?"

"గుడి."

బావ టోపీ పట్టుకుని, తలతో సహా నావైపు తిప్పాడు. "దీనికి?"

"దానికి గూడ."

"ఏమోయ్, నీకు కడుతున్నదా గుడి?" అని బావను అడిగాడు.

"లే కాక. లాంపు లాంపు లెక్కనే ఉన్నది."

కాక తన మెడలోది ఒక్కటి వదిలి మిగిలిన లాంపులన్నీ ఒక్కొక్కటే ఆర్పేశాడు. ఆయన ముఖం నాకు ఆ మిగిలిన ఒక్క వెలుగులో, చుట్టూ రంగులతో, దేవుడి పటంలో ముఖంలా కనిపించింది. అంతకన్నా పెద్ద అబద్ధం నా కళ్లు నాకెప్పుడూ చెప్పలేదు.

"అన్ని లాంపులు ఒక్కనికే ఖరాబైతయారా? ఖరాబైంది లాంపు గాదు. నీ కన్ను. నడువ్."

"యాడికి?"

"దవాఖానకు. నా లాంపుల తప్పు లేదని డాక్టరు నోటితోని చెప్పిస్త. గా లైనుల ఉన్నోళ్లందరు ఇనాలె."

గమనించండి. నా కన్ను ఏమవుతుందోనని కాదు. కేసు గెలవాలని.

దవాఖానలో కూడా ముందు తన గోడే. "సార్, వీని కండ్లు సూసి, నా లాంపు మంచిదని ఒక్క మాట చెప్పున్రి." డాక్టరు నవ్వాడు. నన్ను కళ్లు మూసుకోమని, రెప్పల మీద రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూశాడు. ఒక కన్ను, తర్వాత ఇంకొకటి. మళ్లీ మొదటిది. అప్పటికి నవ్వు పోయింది.

"పొర అని ఎవరు చెప్పారు?"

"అందరు చెప్పిన్రు సార్. పండినంక వద్దామని..."

"ఇది శుక్లం కాదు, పండేది కాదు. నీటికాసులు. కంట్లో నీళ్లు ఊరుతుంటాయి, ఒక సన్న దారిలో బయటికి పోతుంటాయి. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం చస్తుంది. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది, అప్పుడు నీ కళ్లలో ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే నీకు బాయిలోనే రంగులు, బాయిలోనే నొప్పి. శుక్లం కమ్మిన చూపును కోసి తిరిగి తేవచ్చు. ఇందులో పోయింది రాదు. ఎడమ కంట్లో ఒక పక్క ఇప్పటికే పోయినట్టుంది. ఉన్నదైనా ఉండాలంటే రేపే పట్నం పో."

పంపు ఆగిన బాయి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఎవరూ చూడకుండానే నీళ్లు మోకాళ్ల దాకా వస్తాయి. అప్పుడు కాక అడిగాడు:

"మరి లాంపు, సార్?"

"లాంపు బాగుందయ్యా."

"ప్రభువా, నీకు స్తోత్రం," అన్నాడు పైకి చూసి.

పట్నం తీసుకుపోయింది కూడా ఆయనే. మా ఆవిడ పిల్లల్ని విడిచి రాలేక ఏడుస్తుంటే, "నువ్వు ఏడువకు బిడ్డా, వీడు నడుమ దిగి మళ్ల మామిడిపండ్ల ముచ్చట జేస్తడు, నేను కావలి ఉంట," అన్నాడు. పెద్దపల్లి స్టేషన్లో రైలెక్కింది మొదలు పట్నం దాకా కిటికీ పక్క సీటు కోసం నాతో తగువు పడ్డాడు. కళ్లు చూపించుకోబోతున్నవాడికి కిటికీ ఎందుకట. "చూపున్నోడు కూసోవాలె కిటికీ కాడ," అన్నాడు. రైలుపెట్టెలో ఉన్నవాళ్లు ఆయన నాకు బద్ధశత్రువు అనుకున్నారు. నేను కాదనలేదు.

పెద్దాసుపత్రిలో కోశారు. లోపలి నీళ్లు మళ్లడానికి కంటిపాప పక్కన, నల్లగుడ్డు అంచులో, చిన్న సందు పెట్టారట. కట్టు విప్పిన రోజు కాక నా రెప్ప ఎత్తి చూసి, "నీకు గూడ కిటికీ పెట్టిన్రు పో, నా అసుంటిదే," అన్నాడు. కుడి కన్ను నిలిచింది. ఎడమ కంటిలో పోయిన పక్క పోయింది, మిగిలింది మిగిలింది. ఆ మిగిలినదాని కోసం చుక్కల మందు మానకుండా వెయ్యాలన్నారు. బాయిలో దిగొద్దన్నారు. పైన తేలిక పని ఇస్తామన్నారు. ఎక్కడో చెప్పమంటారా? లాంపు రూంలో. ఆయన కిటికీ వెనక, ఆయన పక్క స్టూలు మీద.

ఆ తర్వాత నా బతుకు ఎట్లా గడిచిందో పగవాడికి కూడా చెప్పను. లైను మొత్తం వింటుండగా, "మందు ఏసినవా?" అని అరిచేవాడు. నొప్పి లేదుగా కాక అంటే, "బాయిల పైకప్పన్న కూలేముందు కిరకిరమంటది. కన్ను గదిగూడ అనది," అనేవాడు. నన్ను బాగుచేశాక తనకు అందరి కళ్ల మీదా అధికారం వచ్చిందనుకున్నాడు. పేపరు చెయ్యంత దూరం పట్టి చదివేవాణ్ణి చూస్తే, "చత్వారం వచ్చింది, చెయ్యి సాలనప్పుడు అద్దాలు కొనుక్కో," అనేవాడు. ఆయన అద్దాలకు ఒక పుల్ల విరిగితే పాత లాంపు వైరు కట్టుకున్నాడు, అది వేరే సంగతి. కంట్లో బొగ్గు నలుసుతో నలుపుకుంటూ వచ్చినవాడి చేతి మీద ఒక్కటి వేసి, నీళ్లతో కడిగించి, పోకపోతే దవాఖానకు తరిమేవాడు. కండ్లకలకతో వచ్చినవాడి తువాలును కర్రతో ఎత్తి వాడికే ఇచ్చి, "నీ తువ్వాల నీదే, నీ కలక నీదే. పంచుకోకు," అనేవాడు.

నాకు చుక్క వేసుకోవడం రాదు. సీసా దగ్గరికి రాగానే రెప్ప మూసుకుంటుంది, మందు చెంపకు పోతుంది. మా ఆవిడ తన చేత్తో కన్ను పోతే ఎట్లాగని వణికేది. పొద్దుటి చుక్క తంటాలుపడి నేనే వేసుకునేవాణ్ణి. సాయంత్రం చుక్క కాకది. నా తల మోకాళ్ల నడుమ బిగించి, కింది రెప్ప సంచీలాగా లాగి, అందులో ఒక్క చుక్క వదిలి, ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టేవాడు, మందు గొంతులోకి దిగకుండా. "కదిలితె సంపుత," అనేవాడు. పింఛను పుచ్చుకున్నాక కూడా పొద్దు గూకేసరికి మా ఇంటికి వచ్చేవాడు. మా చాయను తిట్టి, చుక్క వేసి పోయేవాడు.

ఒక్క సంగతి చెప్పాలి. బ్యాటరీ యాసిడ్ చేతులతోనే బన్ను తినే మనిషి ఆయన. నా సీసా ముట్టుకునే ముందు మాత్రం సబ్బుతో మోచేతుల దాకా కడిగేవాడు. కడిగి, వాసన చూసుకుని, మళ్లీ కడిగేవాడు. నీళ్లు కారుతున్న ఆ రెండు చేతులూ ఎత్తి పట్టుకుని, ఆరేదాకా దేన్నీ తాకకుండా, మా వాకిట్లో నిలబడేవాడు. అప్పుడు మాత్రం ఎవరినీ తిట్టేవాడు కాదు.

పోయిన వారం చూడ్డానికి వెళ్లాను. మంచంలో ఉన్నాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, "నీ దోస్తు వచ్చిండు," అంది. "వీడా దోస్తు?" అన్నాడు కళ్లు తెరవకుండా. తర్వాత, "నా లాంపుల తప్పు లేదని ఇగనన్న ఒప్పుకుంటవా?" అన్నాడు. అన్నేళ్లూ రోజుకొకసారి అడిగేవాడు, నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇంక రేపు అడగడానికి ఏముంటుంది?

"ఆలోచించి రేపు చెప్త కాక," అన్నాను.

"చెప్పకు. చూస్త ఎన్ని దినాలు బతుకుతవో," అన్నాడు.

ఇవాళ డ్యూటీలో ఎవరూ లేనప్పుడు నా పాత నంబరు లాంపు తీశాను. ఇప్పుడు అది ఎవరో కొత్తవాడిది. అద్దం తుడిచాను, ఆయన నేర్పినట్టే. తలుపు మూసి చీకటి చేసి వెలిగించాను. చుట్టూ ఎర్రా లేదు, పచ్చా లేదు. తెల్లగా, బుద్ధిగా వెలిగింది. దాని ముందు నిలబడి, నీ తప్పేం లేదని చెబుదామని నోరు తెరిచాను గాని, వినవలసినవాడు

ఉండండి. మా ఆవిడ పిలుస్తోంది. "ఏమయ్యా, పొద్దు గూకింది, మందు యాళ్లయింది! రాసుడు ఆపు, జల్ది రా!" ఆయన మంచం పట్టినప్పటి నుంచి సాయంత్రం చుక్క తనే వేస్తోంది. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ముందు సబ్బు ఎక్కడ పెట్టిందో చూడాలి, మోచేతుల దాకా కడిగించాలి, లేకపోతే ఆ ముసలాయన మట్టిలోంచి లేచి వచ్చి