పేర్లు పిలిచిన గొంతు

హార్మోని తాత పోయాడన్న కబురు నాకు రైల్లో తెలిసింది. బంగారపేట దాటి మాలూరు దగ్గర పడుతున్నాం. పెట్టెలో ఒకరి తర్వాత ఒకరి ఫోను టింగుమంది. మా రైలు గ్రూపులో ఎవరో ఒక్క ముక్క పెట్టారు: "తాత ఇంగ లేడు." మాలూరులో కొందరం దిగేశాం. ఆఫీసుకు ఫోను చేసి రావడం లేదని చెప్పి, అవతలి ప్లాట్‌ఫారం మీద తిరుగు రైలు కోసం నిలబడ్డాం. ఒకాయన టీ తెచ్చి అందరికీ ఇచ్చాడు. నేను ఆ టీ తాగానో పారబోశానో ఇప్పటికీ గుర్తు రాదు.

కేజీఎఫ్ నుంచి బెంగళూరుకు పొద్దున్నే పోయే రైలెక్కిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీకు ఆయన తెలుసు. తలకు మఫ్లరు, ఒళ్ళో హార్మోని, మొహాన చిరాకు. బంగారు గని మూతపడ్డాక బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయేవాడు. పోయేదారంతా పాడేవాడు. రోజంతా ఎవరికో గేటు తీసి సలాము కొట్టాలి కదా, అంతకు ముందే నా మర్యాద నేను సంపాదించుకుంటానమ్మణ్ణీ, అనేవాడు నాతో.

గని కూలీలకు కట్టిన లైను ఇళ్ళలో మాది, ఆయనది ఒకే గోడ. వాళ్ళ నాయన కూడా మా ముత్తాత మాదిరే చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చిన మనిషి. మా లైన్లలో పెళ్ళయితే చదివింపులు పిలిచేది తాతే. ఆ గొంతుకు మైకు దండగ. ఇచ్చినవాళ్ళ ఊరూ పేరూ పందిరంతా వినబడేలా పిలవాలి. పేరు గలవాళ్ళు ఏ మూలనున్నా "ఓ" అని పలకాలి. పలికేదాకా ఆయన తర్వాతి పేరుకు పోడు. పెళ్ళికొడుకు ఆకలితో చచ్చినా సరే. చిన్నప్పుడు మా నాయన పేరు పిలిస్తే "ఓ" అనడానికి నేనూ మా అక్కా కొట్టుకునేవాళ్ళం.

ఆయన హార్మోనిలో ఒక మెట్టు పలకదు. బాగు చేయించుకోమని అందరూ పోరేవారు. ఆ స్వరం వచ్చినచోట ఆయనే గొంతు కలిపి లాక్కుపోయేవాడు. "ఈ పెట్టే అంతా పాడేస్తే ఇంగ నేనెందుకు?" అని కసిరేవాడు. పాటకు ముందు ఆ మెట్టును తువ్వాలు కొసతో మిగతావాటికంటే ఎక్కువసేపు తుడిచేవాడు.

వెనకెప్పుడో ఒక క్యాసెట్టు కంపెనీవాళ్ళు ఆయన పాటలు రాయించుకుని పోయి, ఎవరి గొంతుతోనో పాడించి అమ్ముకున్నారు. అట్ట మీద ఆయన పేరు లేదు. అప్పటినుంచి రికార్డింగు అన్న మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. తర్వాత దగ్గు ముదిరింది. గని దుమ్ము రొమ్ములో గట్టిపడింది, ఇక తగ్గేది కాదన్నారు డాక్టర్లు. రైలు మానేశాడు. వాకిట్లో స్టూలు మీద కూర్చుని, ఒక చరణం పాడి, వంగి ఊపిరి పోగు చేసుకుని, ఇంకో చరణం పాడేవాడు.

అప్పుడు రైలువాళ్ళం అనుకున్నాం. ఏ కంపెనీ గడపా తొక్కొద్దు, ఈయన పాటలు విన్నవాళ్ళమే తలా కొంత వేసుకుని, వాటిని రికార్డు చేయించి సంపుటి తెద్దాం. ఆయన పాడిన చిన్న వీడియో ఒకటి ఫోనులో పెట్టి, వినేవాళ్ళే ముందుకు రమ్మని అడిగాను. తాత ఎగిరి పడతాడనుకుంటే ఒప్పుకున్నాడు. "పాడేవానికి వినేవోడే కూలి ఇయ్యాల. మధ్యలో మేస్త్రీ యెందుకు? ఇది బాగుండాది," అన్నాడు.

డబ్బు వచ్చింది. మేం అనుకున్నదానికంటే తొందరగానే వచ్చింది. రైలు మానేసి ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్ళు కూడా పంపారు. అందరూ అడిగింది ఒక్కటే, ఆ పాట ఉండాలని.

ఆ పాట సంగతి చెప్పాలి. తాతకు గనిలో ఒక జతగాడు ఉండేవాడు, నంగలి మునెప్ప. ఒకరోజు లోపల ఎయిర్ బ్లాస్టు అయింది. ఒత్తిడికి రాయి పగిలి మీదికి దూకడాన్ని గనివాళ్ళు అట్లా అంటారు. మునెప్ప పైకి రాలేదు. అతని మీద తాత పాట కట్టాడు. రైల్లో దాని వరస మాత్రం హార్మోని మీద వాయించేవాడు, మాటలు పాడేవాడు కాదు. మాటలు ఏవని అడిగితే, "ఉండాయి, ఉండాయి" అని కిటికీలోంచి బయటికి చూసేవాడు. మునెప్ప భార్య వాళ్ళ ఊరు నంగలికే తిరిగి వెళ్ళిపోయింది. ఆమెకైనా వినిపించావా తాతా అంటే, "ఆయమ్మ ముందర నాకు నోరు రాదమ్మణ్ణీ. మిషన్ ముందరైతే పాడేస్తాను. ఆయమ్మ ఇంటికాడ వినుకుంటాది," అన్నాడు. ఆ సంపుటి ఆయనకు కావలసింది అందుకు. అది నాకు అప్పుడు అర్థమైంది.

ఆండర్సన్‌పేటలో చర్చి పాటలు రికార్డు చేసే ఒక తమిళాయన తన గది ఇచ్చాడు. గోడలకు పాత పరుపులు కొట్టిన గది. తాతను ఆటోలో తీసుకుపోయాం. మైకు ముందు కూర్చున్నాడు, తువ్వాలుతో మెట్లు తుడిచాడు, గొంతు సవరించుకున్నాడు. పాట ఎత్తుతాడనుకుంటే, "తమక ఊరి మెకానిక్కు వెంకటేశు చదివింపూ..." అని పిలిచాడు. ఆగాడు. మా వైపు చూశాడు. "పలకండప్పా," అన్నాడు.

నేను బతిమాలాను. "తాతా, పేర్లన్నీ అట్ట మీద అచ్చు వేయిస్తాం. నువ్వు పాట పాడు."

"పెండ్లిలో చదివింపులు కాగితం మీద రాసి గోడకు అంటిస్తారా? నోటితో పిలవాల."

"ఫోనులో డబ్బు వేసినవాళ్ళు ఎవరూ అది అడగలేదు."

"అడగరు. పిలవాల్సింది మనం. దుడ్డు తీసుకోని పేరు మింగేసేది ఆ క్యాసెట్టోళ్ళ పని. నాది కాదు."

అంతటితో అయిపోలేదు. పంపినవాళ్ళలో కొందరు పేరు చెప్పకుండా పంపారు. అవి తిప్పి పంపేయమన్నాడు. ఒక్కొక్కరికి ఫోను చేసి ఊరూ పేరూ కనుక్కోవలసి వచ్చింది. ఒకాయన నవ్వి, నా పేరెందుకమ్మా అని, తాత అడుగుతున్నాడంటే ఏడ్చాడు. మొత్తానికి పాట పాటకూ ముందు కొన్ని పేర్లు. "లక్కూరు పట్టుగూళ్ళ నారాయణమ్మ చదివింపూ..." అంటాడు. వెనక నిలబడి మేం "ఓ" అంటాం. ఆ దీర్ఘం తగ్గించి పిలవమన్నా వినడు. పేర్లు అయ్యేసరికి మనిషి చెమటతో తడిసిపోయేవాడు. మిగిలిన ఊపిరితో ఒక చిన్న పాట. తమిళాయన లేచి వచ్చి, "పోదుం తాతా, ఇవాళ్టికి పోదుం" అని, ఇక చాలని భుజం పట్టుకునేవాడు.

నాకు ఒళ్ళు మండేది. దాచడమెందుకు, ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతోంది. కొలిచినట్టు మిగిలిన ఊపిరి అది. ముందు ఆ పాట పాడు, పేర్లు తర్వాత అని ఎన్ని విధాల చెప్పానో. "ఇంగ రొంత గాలి ఉండాది నాకాడ. యాడ దించాల్నో నాకు తెల్సు," అని నోరు మూయించాడు.

ఆ పాటకు కూర్చోవలసిన రోజుకు ముందురోజు మునెప్ప భార్య, ఆ అవ్వ, నంగలి నుంచి బస్సెక్కి వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన నోట్లు, సంచీలో రాగిపిండి తాత ముందు పెట్టింది. ఆమె దగ్గర తీసుకునేది లేదన్నాడు తాత.

"పాట మా ఇంటాయనది. నేను ఇయ్యకపోతే ఎట్లప్పా? పేరు మాత్రం నాది పిలవొద్దు. ఆయనది పిలువు," అంది అవ్వ. తాత నోట్లు తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

మర్నాడు పరుపుల గదిలో ఆ పేరు ఆఖరున పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను. పిలిచి ఆగాడు. మాలో ఎవరికీ "ఓ" అనడానికి నోరు రాలేదు. ఆయన కాసేపు చూసి, హార్మోని మీద వరస ఎత్తుకున్నాడు. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మళ్ళీ తెరిచాడు. వేళ్ళు మాత్రం ఆపకుండా వరసంతా వాయించి, పెట్టె మూసి, "రేపు" అన్నాడు. ఆ రేపు రాలేదు. ఆ వారంలోనే పోయాడు. పాట మాటలు ఎవరికీ నేర్పలేదు, ఎక్కడా రాయలేదు. ఆ పాట ఆయనతోనే పోయింది. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

మాలూరు నుంచి తిరిగొచ్చేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. నంగలి అవ్వ అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "పాడినాడా అమ్మణ్ణీ?" అంది. లేదని చెప్పాను. "ఎంతుంటే అంతే వినిపీ," అంది.

ఇంట్లోకి తీసుకుపోయి గోడకు ఆనించి కూర్చోబెట్టి, రికార్డింగున్న ఫోను చెవి దగ్గర పెట్టబోతే, గట్టిగా పెట్టమంది. పేర్లు మొదలయ్యాయి. వింటూ, ఎటో చూస్తూ చెప్పింది. "బ్లాస్టయిన దినం ఎవురెవురు పైకొచ్చినారో చూసేదానికి, గని ముందర దిగినోళ్ళ పేర్లన్నీ ఈయప్పతోనే పిలిపిచ్చినారు. గొంతు పెద్దది గదా. నేనూ ఆడనే నిలబడుకోని ఉన్నాను. మా ఇంటాయన పేరు పిలిచినాడు. ఎవురూ పలకలే. మళ్ళా పిలిచినాడు. సాలు లేప్పా, ఇంగో పేరుకు పో అన్నారు ఆఫీసరు. ఈయప్ప పోడే. గొంతు పగిలేదాకా అదే పేరు పిలిచినాడు."

తాత ఎందుకంత మొండికెత్తాడో నాకు అప్పుడు తెలిసింది. నా కోపం తీరలేదు గానీ, దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోనులో పేర్లు చివరికి వచ్చాయి. తాత గొంతు, పందిళ్ళలో విన్న ఆ పాత గొంతు, "నంగలి మునెప్ప చదివింపూ..." అని పిలిచి ఆగింది.

అవ్వ గోడ వదిలి నిటారుగా కూర్చుంది. వాకిట్లో జనమంతా తిరిగి చూసేటట్టు, "ఓ" అని పలికింది.

తర్వాత హార్మోని వరస వచ్చింది. గొంతు లేదు, వట్టి వరస. ఆ పలకని మెట్టు వచ్చినచోటల్లా ఉస్సుమని గాలి మాత్రం పోతోంది. అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అది ఆగేదాకా వింది.