జర్మనీ పెద్దాయన, మా హార్మోనియం బల్ల

మా ముత్తాత మిషన్ బడికి మొదటి పంతులు. మా తాత మిషన్ గుడిలో నలభై ఏళ్లు హార్మోనియం వాయించాడు. నిజాం కాలపు జిల్లా అధికారి తాలూక్‌దారు మా పాత ఊళ్లో విడిది చేస్తే ముందు మా ఇంటికే కబురు వచ్చేది. కాళ్లతో తొక్కే ఆ పెద్ద హార్మోనియం గుడిది కాదు, మాది. దాని ముందున్న బల్ల మీద మా ఇంటివాళ్లు తప్ప మరొకరు కూర్చోలేదు.

నాన్న కాలానికి గుడి కమిటీతో చెడింది. పాటలు త్వరగా ముగించమన్నారు. ఆయన ముగించలేదు. అరవైల మొదట్లో హార్మోనియాన్ని లారీకెక్కించి గోదావరిఖని వచ్చి, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూములో గుమాస్తాగా చేరాడు. పాత ఊళ్లో ఇంటికి మాత్రం తాళం వేసి ఉంచాడు. ఏనాటికైనా వాళ్లే తిరిగి పిలుస్తారని ఆయన నమ్మకం.

ఇక్కడ మా గుడి రేకుల షెడ్డు. మొదటి షిఫ్టు ముగించి, ఎంత తోముకున్నా చెవుల వెనక మసి పోని కార్మికులే మా పాటల బృందం. తాత చేత్తో ఎత్తి రాసుకున్న స్వరాల పుస్తకంలో సగం పాటలు రెండు వందల ఏళ్ల కిందటి ఒక జర్మన్ స్వరకర్తవి. నాన్న పాట నేర్పే ముందు ఆయన జీవితం కొంత కొంత చెప్పేవాడు. పదేళ్లకే తల్లీ తండ్రీ పోయారనీ, అన్న దాచిపెట్టిన స్వరాలను వెన్నెల్లో రాసుకున్నాడనీ, ఒక గొప్ప వాద్యకారుణ్ని వినడానికి వందల మైళ్లు నడిచాడనీ. కొలువు మానుతానంటే ఆ సంస్థానపు ప్రభువు నెల రోజులు జైల్లో పెట్టించాడని చెప్పిన రోజు షెడ్డంతా నవ్వింది.

"రాజీనామా ఇస్తె జైలా? మా మేనేజరే నయం కద సారూ!" అన్నాడు బృందంలో అందరికన్నా పెద్దవాడు. బొగ్గు కొట్టే పని ఆయనది. మేమంతా కాకా అనేవాళ్లం.

"ఆయనకు క్వార్టరన్న ఇచ్చిండ్రా?" అని ఇంకొకరు.

"తర్వాత ఇంకో ఊళ్లో బడిలోనే ఇల్లిచ్చారు. అందుకు వారం వారం కొత్త పాట కట్టి, పిల్లలకు నేర్పి, ఆదివారం వినిపించాలి."

"అంటె ఆదివారం గూడ డ్యూటీయే!"

అలా ఆయన మావాళ్లకు జర్మనీ పెద్దాయన అయ్యాడు.

డెబ్బైలలో నాన్న కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్ చేసినా చూపు నిలవలేదు. ఒక సాయంత్రం జర్మనీ పెద్దాయన చివరి రోజులు చెప్పాడు. ఆయనకూ చూపు పోయిందనీ, కత్తి పెట్టించుకున్నా తిరిగి రాలేదనీ.

"మరి కొలువు కొడుక్కిచ్చిండ్రు కద?" అన్నాడు కాక, అందులో అడగడానికేమీ లేదన్నట్టు. తండ్రి పనికి చాలకపోతే ఆ చోట కొడుకును పెట్టించాలన్నదే మా బస్తీలో ప్రతి ఇంటి ఆశ.

"లేదు. ఆయన బతికుండగానే వేరొకరిని పిలిపించి పరీక్ష పెట్టారు."

ఎవరూ నవ్వలేదు. మంచిర్యాల నుంచి ఒకాయన వచ్చే ఆదివారం వాయించి చూపబోతున్నాడని అప్పటికే అందరికీ తెలుసు. మా గుడి సంఘపెద్దలే పిలిచారు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఆరేళ్లుగా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాను. మూడో తరంలో ఆ బల్ల మా ఇంటి నుంచి పోతుందేమోనన్నదే నా గుబులు.

కాక లేచాడు. "గట్లెట్ల? సారు కండ్లు పోతె బల్ల బిడ్డదే. రేపు పెద్దలను నేనే అడుగుత."

"అడగొద్దు," అన్నాడు నాన్న. "జాలిపడి ఇచ్చే చోటు మా ఇంట్లో ఎవరికీ వద్దు. ఆయన వాయిస్తాడు, నా బిడ్డా వాయిస్తుంది. పాడేది మీరు. ఎవరితో పాడగలరో మీరే చెప్పండి."

మర్నాడే హార్మోనియాన్ని గుడికి రాసిచ్చేశాడు. పెట్టె మాది కాబట్టి బల్ల మాకు దక్కిందన్న మాట రాకూడదని.

"ఏంది సారూ, చేతిల ఉన్న ఒక్క బలం ఇచ్చేస్తిరి!" అన్నాడు కాక.

"అది సామాను. బలం కాదు."

ఆదివారం మంచిర్యాల ఆయనే ముందు వాయించాడు. నాకన్నా చురుకైన వేళ్లు, ఒప్పుకుంటాను. కానీ మా ఇద్దరికీ ఇచ్చిన, జర్మనీ పెద్దాయన కట్టిన వరసలో ప్రతి పాదం చివర ఒక నిలుపు ఉంటుంది. మంచిర్యాల ఆయన దాన్ని దాటుకుంటూ పోయాడు. మూడో చరణానికి వెనక వరుసలో దగ్గు మొదలైంది. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు ఆ పరుగు అందలేదు.

తర్వాత నేను కూర్చున్నాను. పాదం చివర వేళ్లు అలాగే నొక్కి పట్టి, కాక ఛాతీ నిండేదాకా చూసి, అప్పుడే తర్వాతి పాదానికి వెళ్లాను. నాన్న నాకు నేర్పింది అదే. పాత ఊళ్లో త్వరగా ముగించమన్నప్పుడు ఆయన వదలనిదీ అదే. చివరి చరణం దాకా ఒక్క గొంతూ ఆగలేదు.

"గా సారు మంచిగనే వాయించిండు," అన్నాడు కాక పెద్దలతో. "గాని ఆయనెంట ఉరుకుడే అయింది. బిడ్డ మా కోసం ఆగింది."

బల్ల నాకిచ్చారు. నాన్న నిటారుగా లేచి, "రెండో చరణంలో తొందరపడ్డావు," అన్నాడు. నిజమే, తొందరపడ్డాను.

ఇంటికి రాగానే మేకుకున్న పాత ఊరి ఇంటి తాళంచెవి తడుముకుని తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "ఇక అక్కడి నుంచి పిలుపు రానక్కర్లేదు," అన్నాడు.

మరుసటి వేసవిలో పాత ఊళ్లోని ఇల్లు, పెరట్లో ఆరు చింతచెట్లు, తాలూక్‌దారు కోసం తాత చేయించిన రెండు కుర్చీలు అమ్మేశాం.