గోలు ముందు మా బాబాయి

నా చిన్నప్పుడు కాన్‌బెర్రాలో తెలుగువాళ్ళ ఇళ్ళు ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టేయొచ్చు. ఇప్పుడు మా హారిసన్‌లో సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరితే వీధి చివరికి చేరేలోపే ముగ్గురు ఆంటీలు ఎదురై ఏం కూర వండారని అడుగుతారు. ఆ రోజుల్లో అలా అడిగే దిక్కు లేదు. అందుకేనేమో, మా అమ్మ ఎక్కడ తెలుగు మొహం కనబడినా వదిలిపెట్టేది కాదు. ఓసారి మా ఇంటికి రండి, భోంచేసి వెళ్దురుగాని, అనేది. వాళ్ళూ అయ్యో తప్పకుండా, మీరూ రావాలి, అనేవారు. వాళ్ళు వచ్చింది లేదు, మేం వెళ్ళిందీ లేదు. దానికి ఎవరూ నొచ్చుకునేవారు కాదు. రండి అనడం మర్యాద, అంతవరకే.

ఆ మర్యాద నా వల్ల ఒకసారి మా బాబాయి మోకాళ్ళ మీదకి వచ్చింది. మామూలుగా ప్రాణం మీదకి వచ్చిందంటారు గానీ, ఇక్కడ నిజంగానే మోకాళ్ళ మీదకి.

బాబాయి మా నాన్న తమ్ముడు. యూనివర్సిటీలో మట్టి మీద పరిశోధన చేయడానికి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. గుంటూరు ఎండల్లో పెరిగిన మనిషి, ఫ్రిజ్‌లో నీళ్ళు తాగితే మర్నాటికి జలుబు. అలాంటివాడు పోయిపోయి యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టుకి సెక్రటరీ అయ్యాడు. ల్యాబ్‌లో ఆయన పక్క బల్ల కుర్రాడు కెనడా నుంచి వచ్చాడు, ఆ ఆట లేనిదే అతనికి ముద్ద దిగదు. ఊరికే చూద్దువుగాని రమ్మని ఒకరోజు మావాణ్ణి లాక్కెళ్ళాడు. చూడ్డానికి వెళ్ళినవాడు, జట్టు తరఫున ఉత్తరాలు రాసే పని నెత్తినేసుకుని తిరిగొచ్చాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, కాదనడం చేతకాదు, ఇంకేం కావాలి. స్కేటింగ్ మాత్రం రాదు. మంచు మీద కాలు పెట్టాలంటే గోడ పట్టుకునేవాడు.

ఆ జట్టు సంగతి కూడా చెప్పాలి. మిగతా యూనివర్సిటీ జట్లన్నీ కలిసి ఒక లీగ్ పెట్టుకున్నాయి. ఎవరు ఎవరితో ఏ రోజు ఆడాలో ఏడాది మొదట్లోనే అచ్చేసి పంచేవారు. గెలిస్తే పాయింట్లు, చివర్లో ఓ కప్పు. మా జట్టుని అందులో చేర్చుకోలేదు. ఊరు దూరం, ఆటగాళ్ళు తక్కువ అన్నారట. కాబట్టి మాకు అచ్చు కాగితమూ లేదు, పాయింట్లూ లేవు, కప్పూ లేదు. ఆడాలనుంటే మనమే ఎవరినో ఒకరిని పిలుచుకోవాలి. లీగ్ జట్లకి మధ్యలో ఏదైనా శనివారం ఖాళీ దొరికితే, ఆ రోజు మా ఊరు వచ్చి ఆడి వెళ్ళండని బాబాయి ఉత్తరాలు రాసేవాడు. పదిమందికి రాస్తే ఒకరు జవాబిచ్చేవారు. ఒప్పుకుని మాట తప్పితే పాయింట్లు కోసే పెద్దలెవరూ మాకు లేరు, కానీ ఆ జట్టు ఇక జన్మలో మా మొహం చూడదు. మనకున్నదల్లా నోటిమాటే వదినా, అని అన్నం దగ్గర మా అమ్మతో అంటుండేవాడు. నేను పక్కనే కూర్చుని పెరుగన్నం తింటూ వినేదాన్ని. విన్నానే గానీ బుర్రకెక్కలేదు.

ఆ ఉత్తరాల అడుగున మా ఇంటి ఫోన్ నంబరు ఉండేది. నాకప్పుడు పదేళ్ళు. చలికాలం సెలవులు మొదలవడానికి ఇంకో పది రోజులుందనగా, ఒక సాయంత్రం అమ్మ పెరట్లో బట్టలు తీస్తుంటే ఫోన్ మోగింది. అటు మెల్‌బోర్న్ జట్టు కెప్టెన్. మీ ఉత్తరం అందింది, వచ్చే శనివారం కాక ఆ పై శనివారం మాకు ఖాళీ, పద్నాలుగు మందిమి, రావచ్చా అని అడిగాడు. నేను మా అమ్మ కూతుర్ని. ఎవరైనా రావచ్చా అంటే వద్దనడం మా ఇంటావంటా లేదు. ఎంతో పెద్దరికంగా, తప్పకుండా రండి, భోజనం కూడా మా ఇంట్లోనే, అని ఇంగ్లీషులో చెప్పి ఫోన్ పెట్టేసి పాలు తాగడానికి వెళ్ళిపోయాను.

బాబాయికి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన సంగతని తోచలేదు. రండి అంటే మాత్రం వచ్చేస్తారా ఎవరైనా? మా అమ్మ పిలిచిన వాళ్ళలో ఎంతమంది వచ్చారు గనక?

ఆ శనివారం పన్నెండు కొట్టేవేళ మా ఇంటి ముందు రెండు వ్యాన్లు ఆగాయి. తాటిచెట్టంత కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. చీకటితో బయల్దేరి ఏడు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. అమ్మ కిటికీలోంచి చూసి, ఎవరే వీళ్ళంతా, అంది. నేను మెల్లగా తలుపు వెనక్కి జరిగాను. బాబాయి లుంగీలోనే తలుపు తీశాడు. ఎర్రజుట్టు కెప్టెన్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, భోజనానికి కూడా పిలిచినందుకు థాంక్స్ చెప్పాడు. బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ రోజుకి రింకు, అంటే ఆడే మంచు మైదానం, మాట్లాడి పెట్టుకోలేదు. సెలవులకి సగం జట్టు ఊళ్ళకి వెళ్ళిపోయింది. ఎవరు రమ్మన్నారని మెల్లగా అడిగాడు. ఎవరో లేడీ, చాలా మర్యాదగా మాట్లాడింది, అన్నాడు కెప్టెన్.

బాబాయి అమ్మ వైపు చూశాడు. "నాకేం తెలీదయ్యా, నేనసలు ఫోనే ఎత్తలేదు," అంది అమ్మ.

నేను తలుపు వెనక ఉన్నాను. నెపం అమ్మ మీద పడేలా ఉందని కాకపోతే నోరు విప్పేదాన్నో లేదో, ఇవాళ్టికీ చెప్పలేను. నేనే రమ్మన్నాను బాబాయ్, అన్నాను. అమ్మ చెయ్యెత్తింది. ఆగు వదినా, అన్నాడు బాబాయి.

నన్ను చూశాక కెప్టెన్‌కి సంగతి అర్థమైపోయింది. మంచి కుర్రాడు. అయ్యో, చిన్నపిల్ల, తెలియక చెప్పుంటుంది, పర్వాలేదు, కాసేపు ఊరు చూసి వెళ్ళిపోతాం, అన్నాడు. అంతకన్నా తేలిక దారి ఇంకోటి ఉండదు. అవును బాబూ, పిల్ల చేసిన పని, ఏమనుకోవద్దు, అనేస్తే అయిపోయేది. బాబాయి అనలేదు. "మా నంబరుకి ఫోన్ చేశారు, మా ఇంటి మనిషి రమ్మంది. అది మా జట్టు మాటే. ఇవాళ మ్యాచ్ ఉంది, ముందు భోంచెయ్యండి," అన్నాడు. పదేళ్ళ పిల్ల మాటని అంత బరువుగా తీసుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. భయమేసింది కూడా.

అమ్మ రెండు కుక్కర్ల అన్నం పడేసింది. ఆమె పప్పు తాలింపు పెట్టేలోపు బాబాయి ఫోన్ దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చేశాడు. ఐదుగురు దొరికారు. గోల్‌కీపర్ మాత్రం వాళ్ళ నాన్న గొర్రెల ఫారానికి వెళ్ళాడట. తర్వాత నా కోటు నా చేతిలో పెట్టి, పద అమ్మలూ, అన్నాడు. తిట్టడానికేమో అనుకున్నాను. తిట్లేం లేవు, తిన్నగా రింకుకి తీసుకెళ్ళాడు.

రింకు చూసుకునే పెద్దాయన రిజిస్టర్ తిప్పి చూపించాడు. ఐదింటి దాకా టికెట్ కొనుక్కుని వచ్చే జనానికి, ఐదు నుంచి ఆరు మంచు మీద నాట్యం, అదే ఫిగర్ స్కేటింగ్, నేర్చుకునే పిల్లలకి, ఆరింటికి మూసేస్తారు. ఖాళీ లేదు. ఆ పిల్లలకి నేర్పే ఆవిడ దగ్గరికి వెళ్ళాం. పది రోజుల్లో వాళ్ళకి పోటీ ఉంది, కుదరదంది. బాబాయి చేతులు కట్టుకుని నిలబడి, ఏడు గంటలు ప్రయాణం చేసి వచ్చారు, వాళ్ళని పిలిచి రింకు మాట్లాడకపోవడం నా తప్పు, అన్నాడు. నా తప్పు అన్నాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆవిడ గడియారం చూసుకుని, చివరికి నలభై నిమిషాలు ఇచ్చింది. అక్కడ బెంచీ మీద నా ఈడు పిల్ల ఒకతి అప్పటికే బూట్లు కట్టుకుని కూర్చుంది. విషయం తెలిసి మళ్ళీ తాళ్ళు విప్పుకుంటూ ఏడ్చింది. ఆ పిల్ల మొహం నాకింకా గుర్తుంది. ఆ పిల్ల నాకేం అపకారం చేసిందని?

చోటు దొరికింది. ఆటగాళ్ళు చాలకపోతే మెల్‌బోర్న్ వాళ్ళే ముగ్గురిని అప్పిచ్చారు. కానీ వాళ్ళు తెచ్చుకున్న గోల్‌కీపర్ ఒక్కడే. గోలు ముందు మనిషి లేకుండా అది ఆట కాదు, ఊరికే కొట్టుకోవడం. అందరూ మొహాలు చూసుకుంటుంటే బాబాయి గోల్‌కీపర్ వేసుకునే కవచాలన్నీ తనకి కట్టమన్నాడు. కెనడా కుర్రాడు వద్దురా బాబూ అని తల బాదుకున్నాడు. వింటేనా.

ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని, కొత్త పెళ్ళికూతుర్ని నడిపించినట్టు ఆయన్ని మంచు మీద నడిపించుకెళ్ళి గోలు దగ్గర నిలబెట్టారు. ఆయన ఒక చేత్తో ఇనప కడ్డీ పట్టుకున్నాడు. ఆట మొదలైన నిమిషంలోనే కింద పడ్డాడు. లేచాడు. మళ్ళీ పడ్డాడు. పక్ అని నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, రాయిలాంటిది, అది వచ్చి మోకాలికి తగిలినప్పుడు అబ్బా అన్నది రింకంతా వినబడింది. మొదట నేను నవ్వాను. అబద్ధమెందుకు, అందరం నవ్వాం. కాసేపటికి నాకు నవ్వు ఆగిపోయింది.

వాళ్ళకీ జాలేసినట్టుంది, మెల్లమెల్లగా కొట్టడం మొదలుపెట్టారు. బాబాయి కనిపెట్టేశాడు. ముసుగు పైకెత్తి, "సరిగ్గా ఆడండి, ఏడు గంటలు డ్రైవ్ చేసింది ఇందుకా?" అని ఇంగ్లీషులో కేకేశాడు. ఆ తర్వాత వాళ్ళు నిజంగా ఆడారు. గోల్స్ పదహారు దాకా లెక్కపెట్టి ఊరుకున్నారు. నలభై నిమిషాల్లో ఒకే ఒక్కసారి బిళ్ళ ఆయన ఛాతీకి తగిలి కింద పడితే దాని మీద బోర్లా పడి ఆపాడు. అప్పుడు రెండు జట్ల వాళ్ళూ కర్రలతో మంచు మీద టకటకా కొట్టారు. ఆ ఆటలో అదే చప్పట్లట. నేను రింకు చుట్టూ ఉన్న అద్దానికి మొహం ఆనించి ఏడుస్తున్నాను. నేను ఫోన్‌లో అన్న రెండు ముక్కలకి ఆయన ఒళ్ళు హూనమవుతోందని, ఇంకొకళ్ళ దగ్గర అరువు తెచ్చిన నలభై నిమిషాలు ఖర్చవుతున్నాయని నాకప్పుడు తెలిసొచ్చింది.

ఇంటికొచ్చాక బాబాయి రెండు మెట్లు ఎక్కలేకపోయాడు. అమ్మ తైలం రాస్తూ సణుగుతూనే ఉంది. నేను వేడినీళ్ళ సంచీ పట్టుకెళ్ళి మంచం పక్కన నిలబడి, వాళ్ళని రమ్మన్నందుకు సారీ బాబాయి, అన్నాను.

"రమ్మన్నందుకు సారీ ఎందుకమ్మలూ? పిలవడం మంచిదే. పిలిచి మర్చిపోయావు చూడు, దానికి చెప్పు," అన్నాడు.

చెప్పాను. సరే, ఆ సంచీ ఇలా ఇవ్వు, అని మోకాలి మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు. మా జట్టు మాత్రం ఎప్పటికీ ఆ లీగ్‌లో చేరలేదు. మెల్‌బోర్న్ వాళ్ళు మరుసటి ఏడు చలికాలం కూడా వచ్చారు, ఈసారి ఉత్తరం బాబాయి నా చేత రాయించాడు.

బాబాయి ఇప్పుడు టూవూంబాలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎనభై దగ్గరపడింది. చలి మొదలవగానే ఎడమ మోకాలు లాగుతోందని ఫోన్‌లో అంటాడు, వయసు మీద పడింది కదా అంటాడు. నేను ఊఁ అంటాను. వయసొక్కటే కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలిసే ఉంటుంది.

పోయిన నెల మా వీధి చివర పార్కులో ఒక కొత్త అమ్మాయి కనబడింది. మొగుడికి ఏదో ఐటీ కంపెనీలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వచ్చి ఆరు నెలలయిందట. మాటల్లో వాళ్ళది నరసరావుపేట అని తెలిసి, ఎంతైనా మా అమ్మ కూతుర్ని కదా, ఓసారి మా ఇంటికి రండమ్మా, అనేశాను. అన్నానో లేదో నోరు దానంతటదే ఆగింది. శనివారం పదకొండున్నరకి వీలవుతుందా, ఎంతమంది వస్తారు, పిల్లలు కారం తింటారా, అని వరసగా అడిగాను. మనవాళ్ళు ఎవరూ అలా నిలదీసినట్టు అడగరు. ఆ అమ్మాయి తెల్లబోయి చూసింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"నలుగురం ఆంటీ," అంది. "ఇక్కడికొచ్చినప్పట్నుంచీ అందరూ రండి రండి అంటూనే ఉన్నారు. ఏ రోజు రావాలో ఎవ్వరూ చెప్పలేదు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటుంటే నేను అటు తిరిగి వాళ్ళ చిన్నపిల్ల టోపీ సర్దాను. శనివారం పొద్దున్నే లేచి గుత్తివంకాయ వండాను. పదకొండున్నరకి వాళ్ళు నలుగురూ వచ్చారు.