మావ చదివించిన వెయ్యినూటపదహార్లు

ధరల సూచీ అంటే ఏమిటో పాతికేళ్లుగా బడిలో పిల్లలకు చెబుతున్నాను. ఒక సంచీ అనుకోండి, అందులో బియ్యం, పప్పు, నూనె, సబ్బు వేయండి. అప్పుడా సంచీ ఎంతకొచ్చేది, ఇప్పుడెంతకొస్తోంది చూస్తే రూపాయి ఎంత చిక్కిపోయిందో తెలిసిపోతుందని గొంతు చించుకుంటాను. ఛీ, అదే నోరు మా భిలాయిలోనే, కోహ్కా పేటలో ఒక పెళ్లిలో పెగల్లేదు.

భిలాయిలో మా ఉత్తరాంధ్ర వాళ్ల పెళ్లంటే చదివింపులు మైకులో వినిపించాల్సిందే. ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసుకుంటారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి, ఆ అంకెకు పైన కాస్త కలిపి తిరిగి చదివిస్తారు. మధ్యలో ఎన్నేళ్లు గడిచినా సరే, అప్పటి వంద ఇప్పటి వందే. ఇంతకన్నా మొద్దు లెక్క నేనెక్కడా చూడలేదు.

చిన్నప్పుడు మేమున్న క్యాంప్ వన్ బస్తీలో మా పక్కింటాయన్ని మావా అనేవాణ్ణి. చుట్టమేం కాదు, ఉక్కు ప్లాంటులో నాన్నతో ఒకే షిఫ్టు. ముప్పై అయిదేళ్ల కిందట అక్క పెళ్లికి ఆయన వెయ్యినూటపదహార్లు చదివించాడు. ప్లాంటులో తీసుకున్న పండగ అడ్వాన్సు మొత్తం అదే. ఆ ఏడు వాళ్ల పిల్లలకు కొత్త బట్టలు లేవు. ఆ డబ్బుతో నాన్న రెండు బస్తాల బియ్యం దింపించాడు. అక్క పెళ్లిలో జనం తిన్నది ఆ అన్నమే.

మొన్న చలికాలంలో మావ మనవరాలి పెళ్లి కుదిరింది. పిల్ల తండ్రి పోయాడు, భారమంతా మావదే. ఆయన పెన్షను రిటైరైన నాడు ఎంతో ఇవాళా అంతే. శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, మంచినీళ్లు తాగి, తనే చెప్పాడు.

“కేటరింగోడికి సగం ఇచ్చీసినాను అల్లుడూ. మిగతాది సదివింపులొత్తే ఇచ్చీడమే. ఇంకేటి సేత్తాం?”

ఆయన వెళ్లగానే కాగితం తీశాను. బియ్యం లెక్కన చూస్తే మావ ఇచ్చినదానికి ఇవాళ పదివేలు ఇవ్వాలి. బంగారం లెక్కన చూసే ధైర్యం చెయ్యలేదు. మా ఆవిడ విని మూతి తిప్పింది.

“పుస్తకంలో ఏటుంటే అదే ఇత్తారండీ ఎవులైనా. మీరీ కొత్త రూలెట్టకండి.”

ఆవిణ్ణనడం ఎందుకు? నా బుర్ర మాత్రం తక్కువ తిన్నదా? ఎస్టీడీ కాల్ లెక్కన చూశాను. అప్పుడు విజయనగరం ఫోన్ చేస్తే మీటరు చూసి గుండె దడదడలాడేది, ఇప్పుడు గంట మాట్లాడినా ఖర్చే లేదు. ఆ లెక్కన మావకు మేమే ఎక్కువ ఇస్తున్నట్టు! చదువుకున్నవాడి కక్కుర్తికి ఎన్ని సూచీలో చూడండి.

చివరికి రెండు కవర్లు సిద్ధం చేశాను. ఒకదాంట్లో పదివేల నూటపదహారు, ఇంకోదాంట్లో పదిహేను వందల పదహారు. హాల్లో మైకు పట్టుకున్నాయన ఇక్కడ పుట్టినవాడు, అంకెలన్నీ హిందీలోనే. పాంచ్‌సౌ సోలా, గ్యారాసౌ సోలా అని చదువుకుపోతున్నాడు. వినగా వినగా, పదివేలిస్తే వెర్రివాణ్ణనుకుంటారేమో అనిపించింది. నా వంతు రాగానే చిన్న కవరే అందించాను. మైకులో “పంద్రాసౌ సోలా!” అని మోగింది. జనం బాగానే ఉందన్నట్టు తలలూపారు. నేనూ ఊపాను.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటుంటే మావ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వెనకే కేటరింగ్ అతను, బాకీ కోసం. చదివింపులు చాల్లేదని మావ మొహమే చెబుతోంది.

“అల్లుడూ, ఇయాల రాసిన పుస్తకం సూసినాను. మీ అక్క పెళ్లికి నానెట్టింది వెయ్యినూటపదహారే. నువ్వు నాలుగొందలు ఎక్కువెట్టీసినావు.”

“పైన కాస్త కలపడం ఆచారమే కదా మావా,” అన్నాను. ఎంత హుందాగా అన్నానో!

“మల్లీ తిరిగెట్టగలిగినోడికి రా ఆచారం. నీ కూతురి పెళ్లికి నానుంతానో లేదో. నామీద ఉండిపోకూడదు, ఉంచు.”

వంద నోట్లు నాలుగు నా తడి చేతిలో పెట్టాడు. కేటరింగ్ అతను తన లెక్క తేల్చమంటూ ముందుకొచ్చాడు.

“దాదా, మేరా హిసాబ్?”

“ఆగు భయ్యా, ముందు ఈ లెక్క తేలనీ,” అన్నాడు మావ, నా మొహంలోకే చూస్తూ.

అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది, పదివేల కవరు జేబులోనే ఉంది. ఆ నాలుగు నోట్లూ తడవకుండా మడిచి అదే జేబులో పెట్టుకున్నాను.