రెండో తుమ్ము

దయ్యాలూ ఆత్మలూ అంటే నమ్మే మనిషిని కాను నేను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి కూడా ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసుకుంటే బుర్రలోంచి కాస్త బరువు దిగుతుందేమోనని రాస్తున్నాను.

మా నాన్నకు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు ఉండేది. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం షాపులోనే, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదన్నారు. నేను అమ్మానాన్నలకు ఒక్కదాన్నే కూతుర్ని. భవానీపురంలో ఒకే ఇంట్లో అమ్మా నాన్నా కింద, నేనూ మా ఆయనా మా అమ్మాయి హర్షితా పైన ఉండేవాళ్ళం.

నేను ఏడవలేదు. పెద్ద కర్మ రోజు భోజనాల దగ్గర పులుసు సరిపోతుందో లేదో చూసింది నేనే. వచ్చిన చుట్టాలందరూ గట్టి మనిషి అన్నారు. గట్టీ లేదు, ఏమీ లేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లుకున్నా తెలియదు చూడండి, ఒళ్ళంతా అలాగే ఉండేది. పాఠాలు చెప్పేదాన్ని, అన్నం తినేదాన్ని, పడుకుంటే నిద్ర కూడా పట్టేది.

అమ్మ సంగతి వేరు. మా వీధిలో ఎవరు మంచి పని మీద బయలుదేరినా అమ్మే ఎదురు రావాలి. పరీక్షలకు వెళ్ళే పిల్లలు, పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళు, ఆఖరికి కొత్త బండి కొనడానికి వెళ్ళేవాళ్ళు కూడా "పిన్నిగారూ, కాస్త ఎదురు రండి" అని గేటు దగ్గర నిలబడి పిలిచేవాళ్ళు. ముత్తైదువ, చేయి మంచిది, నవ్వు ముఖం అనేవాళ్ళు. పొయ్యి మీద ఏమున్నా కట్టేసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని, నుదుటి బొట్టు సరిచూసుకుని వచ్చేది. అదో ఉద్యోగంలా చేసేది అమ్మ.

నాన్న పోయాక ఆ పని మానేసింది. ఎవరూ మానమనలేదు. ఎవరైనా బయలుదేరుతున్న అలికిడి అయితే చాలు, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. తన ముఖం ఎదురు పడకూడదట. నేను కాలేజీకి వెళ్ళేటప్పుడూ అంతే, హర్షిత బడికి వెళ్ళేటప్పుడూ అంతే. ఆ పిల్ల మూసిన తలుపుకు "అమ్మమ్మా, బై" అని చెప్పి వెళ్ళేది. నేను వాదించాను, కోప్పడ్డాను. "పిల్లలు బతకాల్సినవాళ్ళు, మనకెందుకే ఆ పాపం" అనేది. రాను రాను పాలవాడు వచ్చినా లోపలికి వెళ్ళడం మొదలుపెట్టింది. నాకు ఏ బాధా తెలియని ఆ రోజుల్లో కూడా ఈ ఒక్క విషయానికి భయం వేసేది. ఇలా తలుపులు వేసుకుంటూ పోతే కొన్నాళ్ళకు అమ్మ మాకు కూడా కనబడదనిపించేది.

దసరా సెలవుల్లో మా ఆయన ఊరి బయట కృష్ణ ఒడ్డున ఉన్న ఒక రిసార్టులో గది బుక్ చేశారు. ఏడాది తిరక్కుండా ఊరు దాటడమేంటి బాబూ అని అమ్మ నసిగింది. "ఊరెక్కడ దాటుతున్నామండీ అత్తయ్యగారూ, మన మేడ మీద నుంచి చూస్తే కనబడేదే" అన్నారు ఆయన. అది అబద్ధమే గానీ అమ్మ వచ్చింది.

ఆ చోటు గురించి చెప్పాలి. పాడుబడ్డ బంగళా లాంటిది ఏమీ కాదు. ఏటి ఒడ్డున వరసగా పొందికైన కాటేజీలు, ముందు పచ్చిక, ఉయ్యాలలు, పిల్లల కోసం లోతు లేని ఈతకొలను. పొద్దున టిఫిన్ హాల్లో పెసరట్టు కోసం క్యూ, ప్లేట్ల చప్పుడు, చట్నీ అయిపోయిందని ఎవరో పెద్దాయన గొడవ. కొత్తగా పెళ్ళయిన జంటలు ఏటి గట్టున ఫొటోలు దిగుతున్నారు. దయ్యం తిరుగుదామన్నా అక్కడ ఖాళీ దొరకదు. అందరూ ఎంత ప్రశాంతంగా ఉందో అంటున్నారు. నేనూ అన్నాను. నాకు మాత్రం కృష్ణ కేవలం నీళ్ళలా కనబడింది.

మా గదిలో ఏటి వైపు పెద్ద అద్దం తలుపు, దాని పక్కన ఒక పేము కుర్చీ ఉన్నాయి. వెళ్ళిన రోజు సాయంత్రం దాకా అమ్మ ఆ కుర్చీలోనే కూర్చుంది. టీ ఇస్తే తాగింది.

మర్నాడు టిఫిన్లు అయ్యాక పడవ ఎక్కుదామని బయలుదేరాం. అమ్మను కూడా రమ్మని హర్షిత ఒప్పించింది. తీరా అందరం చెప్పులు వేసుకునేసరికి అమ్మ "మీరు ముందు నడవండి, నేను వెనకాల వస్తా" అంది. ఎందుకో నాకు తెలుసు. ఒకటే గది, దాక్కోవడానికి ఇంకో గది లేదు. బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మా ఆయనా హర్షితా మెట్ల మీద ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడి, గోడకున్న అరలోంచి గది కార్డు లాగేశాను. ఆ కార్డు తీస్తే కరెంటు మొత్తం ఆగిపోతుంది. ఏసీ మూలిగి ఆగింది. లైట్లు పోయాయి. లోపల అమ్మ చీకట్లో నిలబడి ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. అమ్మ కూడా కిక్కురుమనలేదు.

అప్పుడు నా వెనక, అద్దం తలుపు వైపు నుంచి ఎవరో తుమ్మారు.

పెద్ద తుమ్ము. మగ మనిషి తుమ్ము. నేను వెనక్కి తిరిగాను. పేము కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద హర్షిత తడి తువ్వాలు ఆరేసి ఉంది. మా ఆయన కూడా విన్నారు, ఎవరది అన్నట్టు నా వైపు చూశారు. హర్షిత ఏమీ అడగలేదు. అలవాటుగా మెట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ అలవాటు మా ఇంటిది. నాన్నకు దుమ్ము పడేది కాదు. షాపు నుంచి తెచ్చుకున్న ఇనప రజను ఆయన ముక్కులోనే కాపురం ఉండేది. సరిగ్గా ఎవరో ఒకరు గుమ్మం దాటబోయే సమయానికే తుమ్మేవారు. ఒంటి తుమ్ము మంచిది కాదు కాబట్టి బయలుదేరినవాళ్ళు ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి. రెండు తుమ్ములైతే దోషం లేదు. చదువుకునే రోజుల్లో నాకు బస్సు తప్పిపోతుందని నేను గోల పెడుతుంటే అమ్మ వంటింట్లోంచి "రెండోది కూడా కానీండి" అని కేకేసేది. నాన్న బుద్ధిగా ఇంకోటి తుమ్మేవారు. అది దొంగ తుమ్ము. ముక్కుతో పనిలేకుండా నోటితోనే "హాఛ్" అనేవారు. నవ్వు ఆపుకోవడానికి చివర్లో చిన్న దగ్గు కలిపేవారు. పరాయివాళ్ళెవరైనా వింటే దాన్ని తుమ్ము అని కూడా అనుకోరు.

మూసిన బాత్రూములోంచి అమ్మ గొంతు వినిపించింది.

"రెండోది కూడా కానీండి. పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు."

ఏడుపు గొంతు కాదు, భయపడ్డ గొంతు కాదు. పొయ్యి దగ్గర ఉన్నప్పుడు విసుక్కునే మామూలు గొంతు. ఆరు నెలలుగా మేము వినని గొంతు.

కుర్చీ వైపు నుంచి రెండోది వచ్చింది. నోటితో అన్న "హాఛ్". చివర్లో దగ్గు.

నేను కుర్చీ వైపే చూస్తున్నాను. ఏమీ కదలలేదు. నాకు ఒళ్ళు జలదరించలేదు, చెమటలు పట్టలేదు. చూస్తూ నిలబడ్డాను, అంతే.

బాత్రూము తలుపు తీసుకుని అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేరుగా మా మీదికే నడిచి వచ్చింది. హర్షిత లేచి "అమ్మమ్మ ఎదురొచ్చింది, ఇంక పదండి" అంది. ఆ మాటకు అమ్మ ఆగింది. తను చేసిన పని అప్పుడే తెలిసినట్టుంది. వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. "లైట్లు పోయినాయేంటే?" అంది. చేతిలో ఉన్న కార్డు చూపించాను.

మా ఆయన గదంతా వెతికారు. కర్టెన్ల వెనక చూశారు, మంచం కింద చూశారు. అద్దం తలుపుకు లోపలి గడియ వేసే ఉంది. దాని అవతల బాల్కనీలో ఎవరూ లేరు. పక్క కాటేజీకి తాళం ఉంది, అది రెండు రోజులుగా ఖాళీయేనని రిసెప్షన్‌లో చెప్పారు. పచ్చికకు నీళ్ళు పెడుతున్న మనుషులు ఇద్దరూ ఆడవాళ్ళే. చివరికి ఆయన ఏట్లో పడవవాడెవడో తుమ్మి ఉంటాడని తేల్చారు. నీళ్ళ మీద శబ్దం దూరం వస్తుంది, నిజమే. ఆ పాఠం నేనే చెబుతాను. మొదటి తుమ్ము వరకూ ఒప్పుకుంటాను. మూసిన బాత్రూములోంచి మా అమ్మ అన్న మాటకు ఏటి మధ్యలో ఉన్న పడవవాడు ఎలా బదులిచ్చాడో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

పడవ ఎక్కాం. గాలి బాగుంది. అమ్మ చేయి నీళ్ళలో పెట్టింది. దిగి భోజనాలు చేశాం, సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం.

కొన్నాళ్ళాగి, బీరకాయలు చెక్కు తీస్తుండగా అమ్మను అడిగాను, ఆ రోజు నువ్వు ఏం విన్నావని. "ఆయన తుమ్మకుండా ఎప్పుడున్నారే" అంది. పీచు గిన్నె ఇటివ్వమంది.

అది జరిగిన కొన్ని వారాలకు ఒక పొద్దున ఎదురింటివాళ్ళ అమ్మాయి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి బయలుదేరింది. అమ్మ మా గేటు దగ్గర కరివేపాకు బేరం ఆడుతోంది. నేను స్కూటీ బయటికి తీస్తున్నాను. ఒకప్పుడు అమ్మను చేయి పట్టుకుని ఎదురు తెచ్చుకున్న ఆ అమ్మాయి తల్లే కాస్త మొహమాటపడుతూ "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. పిల్ల బయలుదేరుతోంది. ఒక్క నిమిషం లోపలికి…" అంది.

నాకు ఒళ్ళు మండింది. అన్ని నెలల్లో మొదటిసారి మండింది. ఏదో అనబోయాను. ఈలోగా అమ్మ ఆ అమ్మాయి వైపు చేయి ఎత్తి "ఆగు తల్లీ" అంది. మా వరండా వైపు తల తిప్పి కాసేపు అలాగే ఉంది. తర్వాత తలూపింది.

"ఆఁ, రెండోది కూడా అయిపోయింది. ఇంక పర్లేదు, వెళ్ళిరా."

అని, కరివేపాకు చేత్తో పట్టుకునే రోడ్డు దాటి ఆ పిల్లకు ఎదురు నడిచింది. ఎదురింటావిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, అమ్మ పక్క నుంచి నడిచి వెళ్ళి ఆటో ఎక్కింది.

నా స్కూటీ ఇంకా స్టార్ట్ చేయలేదు. నేను చెవులు రిక్కించి విన్నాను. ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. మా వరండాలోంచి నాకు ఒక్క తుమ్ము కూడా వినబడలేదు. అమ్మ మీద అసూయ కలిగింది. హెల్మెట్ అద్దం కిందికి దించుకుని కాలేజీ దాకా ఏడుస్తూ వెళ్ళాను.

రిసార్టులో మేము విన్నది ఏమిటో, ఆ పొద్దున అమ్మ విన్నది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. ఇప్పుడు రోజూ అమ్మే గేటు దాకా వచ్చి నాకు ఎదురొస్తోంది. నేను బండి స్టార్ట్ చేయకుండా కాసేపు ఆగుతాను. "ఏంటే ఆగిపోయావు, టైమవట్లేదా" అంటుంది. ఏమైనా వినబడిందా అని మాత్రం అడగను. తనకు రోజూ వినబడుతోందని చెబితే తట్టుకోలేను.