వానా, ఈ పూట వద్దు

బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో వాన వద్దని మొక్కిన మనిషి ఒక్కడే. వాడు నేనే. మనసులో మొక్కుకుని ఉంటే దేవుడికీ నాకూ మధ్య పోయేది. నేను ఊరంతా వినేలా మొక్కాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఊళ్లో తొక్కడానికి అడుసే దొరకదు. నేను ఎండిన బీడులోనే జారిపడ్డాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయిపోయి పనేమీ లేక, కరువు మీద ఒక చిన్న సినిమా తీద్దామనుకున్నాను. కథ కోసం వెతకనక్కరలేదు, తలుపు తీస్తే కనిపించేది. దొరకనిదల్లా నిర్మాతే. ఊళ్లో ఉన్న ఒక్క ఆసామిని అడిగితే, తన కొడుకే హీరో కావాలన్నాడు. ఆ అబ్బాయిని కరువు మనిషిగా చూపాలంటే ముందు ఏడాది పాటు పస్తు పెట్టాలి.

అప్పుడు తట్టింది, ఊరంతా కలిసి ఒక నిర్మాత ఎందుకు కాకూడదని. దీన్ని ఇప్పుడు క్రౌడ్ ఫండింగ్ అంటారని మా మేనల్లుడు చెబుతాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే ముక్కూమొహం తెలియనివాళ్లు పెట్టుబడి పంపుతారట. నేను గోనెసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. శేరు వేరుశనగ విత్తనం ఇస్తే ఆ ఇంటి పేరు తెర మీద వేస్తానన్నాను. బత్తలపల్లెలో పెళ్లి వీడియోలు తీసే ఖాజా, కెమెరా అద్దె కింద విత్తనమైనా తీసుకుంటానన్నాడు.

విత్తనమే ఎందుకంటే, ఇళ్లలో మిగిలింది అదొక్కటే. వాన కోసం ఒలిచి పెట్టుకున్నారు. అదును దాటిపోతోంది, ఆకాశం నుంచి చుక్క రాలలేదు. విషయం తెలిసి మా నాయన మండిపడ్డాడు. "ఇత్తనాలు అడుక్కునేటోడు యాడన్నా ఉంటాడంట్రా?"

మా వీధిలో ఒంటరిగా సేద్యం చేసుకునే ఓబులమ్మత్త మాత్రం, శేరు అడిగితే మూటంతా తెచ్చి పెట్టింది. అంత వద్దన్నాను.

"పెట్టుకోని ఏం జేయాలప్పా, ఎలకలకు మేపాల్నా? మన కరువు నలుగురూ చూడనీ."

ఆమెను చూసి మిగతావాళ్లూ పోశారు. వరుసగా పంటలు పోయిన ఊరు, పనిలేని ఒక కుర్రాడి కలకు విత్తనం పోసింది. అంతకంటే గొప్ప పెట్టుబడిదారులను నేనింతవరకూ చూడలేదు.

షూటింగ్ రోజున మూటలన్నీ ఖాజా వ్యానెక్కాయి. దర్శకుడన్నవాడు మైకులోనే మాట్లాడాలని నా గట్టి నమ్మకం. వేపచెట్టుకు లౌడ్‌స్పీకర్ హారన్ కట్టించాను. మంచినీళ్లు అడగడానికి కూడా మైకే. ఓబులమ్మత్త బీటలువారిన పొలం చూసి ఏడవాలి. కెమెరా ముందు ఆమెకు ఒకటే నవ్వు. బతిమాలి బతిమాలి ఏడిపించేసరికి, పడమటి దిక్కు నుంచి నల్లమబ్బు పిలవని చుట్టంలా సపరివారంగా దిగింది.

ఖాజా కెమెరా మీద తువ్వాలు కప్పి, "అన్నా, నీ కరువు తడిసిపోతాండాది" అన్నాడు.

నేను చెట్టు చాటుకు పోయి కళ్లు మూసుకున్నాను. "వానా, నీకు దండం పెడతా. ఈ పూట వద్దు. ఒక్క సీను ఉండాది. రేపు రా, ఎల్లుండి రా, కాదంటే వచ్చే ఏడు రా."

కళ్లు తెరిస్తే ఊరంతా నావైపే చూస్తోంది. జోడించిన నా చేతుల మధ్యే ఉంది మైకు. దాని మీట వేసే ఉంది. హారన్ నా విన్నపాన్ని పక్క ఊరికి కూడా చేర్చిందట.

నాయన తల దించుకున్నాడు. ఓబులమ్మత్త తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను చూడనే లేదు, వ్యాను వైపు చూసింది. అప్పుడు నాకు వెలిగింది. వాన పొలంలో పడుతోంది, విత్తనం బత్తలపల్లెకు పోతోంది. సినిమా పేరుతో నేను ఊరి ఏడాది తిండిని అద్దెకు కట్టేశాను.

నేను నోరు తెరిచేలోపే ఖాజా వ్యాను తలుపు తీసి మూటలు దించుతున్నాడు. మరి అద్దె సంగతేమిటని గొణిగాను.

"మాదీ సేద్యమేన్నా. వాన పడినంక ఇత్తనం ఎత్తుకోని పోతే మా నాయన గడప తొక్కనీడు. పంటొచ్చినాక చూద్దాంలే."

వాన వెలిసింది. నేల పదును ఆరకముందే విత్తడానికి గొర్రులు కట్టారు. నేను కెమెరా వెనక నిలబడబోతే ఓబులమ్మత్త రెక్క పట్టుకుని లాగి, విత్తే గొర్రు నా చేతికిచ్చింది.

"నిర్మాతలు చెప్పినట్ల ఇనాల. పట్టుకో."

నేను వంకరటింకరగా తోలిన సాళ్లతో సహా ఖాజా అంతా తీశాడు. తర్వాత బడి గోడ దగ్గర టీవీ పెట్టి చూశాం. కరువుతో మొదలైన బొమ్మ విత్తుతో ముగిసింది. ఆపైన ఇంటింటి పేర్లు పడ్డాయి. పేరు పేరుకూ ఈల వేశారు. అయిపోయిందని లేవబోతుంటే నల్లటి తెర మీద నా గొంతు: "వానా, నీకు దండం పెడతా. ఈ పూట వద్దు." తువ్వాలు కింద కెమెరా నడుస్తూనే ఉందట, ఖాజా దాన్ని చెరపలేదు. నవ్వుతూ నవ్వుతూ మా నాయన కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు వాన మళ్లీ మొహం చాటేసింది. ఒక పొద్దున వాకిట్లోకి వస్తే ఓబులమ్మత్త, ఆమె వెనక సగం ఊరు, అందరి చేతుల్లో విత్తనం నింపిన శేర్లు.

"ఇంకో కరువు సినిమా మొదలుపెట్టు నాయనా. వాన వొద్దని మైకులోనే చెప్పు. నువ్వు వొద్దంటేనే దానికి పంతమొస్తాది."

కాబట్టి పాఠకులారా, మా ఎర్రనేల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ వానను వద్దనను. ఊరంతా చందా వేసుకుని వద్దనమంటే తప్ప.